లేబర్ డే లాంగ్ వీకెండ్‌కి పుల్‌మన్: ఏం చూడాలి, ఏం నమ్మకూడదు

మే డే సభల్లో "చికాగో అమరవీరులు" అన్న మాట వింటూ పెరిగిన తెలుగువాళ్ళకి అమెరికా వచ్చాక ఒక విడ్డూరం ఎదురవుతుంది. ఆ చికాగోలోనే మే 1న ఆఫీసులు, బడులు యథావిధిగా నడుస్తాయి. కార్మికుల సెలవు సెప్టెంబరు మొదటి సోమవారం. ఆ రోజంటే పరుపుల మీద డిస్కౌంట్లు, పెరట్లో గ్రిల్లు, పిల్లలకి బడి సెలవు. ఈ తేడా ఎందుకొచ్చిందో కళ్ళతో చూసి తెలుసుకోవాలంటే ఊరికి దక్షిణాన, డౌన్‌టౌన్‌కి దాదాపు 13 మైళ్ళ దూరంలో ఉన్న పుల్‌మన్ నేషనల్ హిస్టారికల్ పార్క్‌కి వెళ్ళాలి. అయిదుకి నాలుగు ఇవ్వొచ్చు. తగ్గిన ఆ ఒక్కటి ఎందుకో మధ్యలో వస్తుంది.

పార్కు అనగానే చెట్లు, చెరువు ఊహించుకోకండి. ఇది జనం కాపురముంటున్న ఇటుక ఇళ్ళ పేట. రైలు పడక పెట్టెలు తయారుచేసిన జార్జ్ పుల్‌మన్ 1880లో కట్టడం మొదలుపెట్టిన కంపెనీ ఊరు. 2015లో ఒబామా దీన్ని జాతీయ స్మారకంగా ప్రకటించారు, 2022 చివర్లో నేషనల్ హిస్టారికల్ పార్క్ హోదా వచ్చింది. విజిటర్ సెంటర్ ఉన్నది 111వ వీధి మీది క్లాక్ టవర్ భవనంలో. 1998లో ఎవరో నిప్పు పెట్టడంతో ఇది చాలావరకు కాలిపోయింది. మళ్ళీ నిలబెట్టి 2021 లేబర్ డే వారాంతంలో తెరిచారు. ప్రవేశం ఉచితం. పిల్లలుంటే లోపలికి వెళ్ళగానే జూనియర్ రేంజర్ పుస్తకం అడిగి తీసుకోండి. అది చేతిలో ఉంటే "ఇంకెంతసేపు" అన్న నస తగ్గుతుంది.

ప్రదర్శనలో నిదానంగా చూడవలసింది ఈ ఊరు నడిచిన తీరు. కాల్యుమెట్ సరస్సు అడుగు బంకమట్టితోనే ఇటుకలు కాల్చారు. ఫిలడెల్ఫియాలో 1876 ప్రదర్శనకి పెట్టిన భారీ కార్లిస్ ఆవిరి ఇంజన్ని కొని తెచ్చి కార్ఖానా నడిపారు. మురుగునీటిని పంపు చేసి కంపెనీ పొలానికి ఎరువుగా వాడుకున్నారు. ఆ రోజుల్లో చికాగో కూలీల వాడలతో పోలిస్తే ఇళ్ళు నిజంగానే మేలు. అయితే ఇల్లు కొనుక్కునే వీలు ఎవరికీ లేదు. గ్రంథాలయానికి ఏడాదికి 3 డాలర్ల చందా. చర్చిని కూడా పుల్‌మన్ అద్దెకే ఇస్తానన్నాడు, అంత అద్దె కట్టలేక అది చాలాకాలం ఖాళీగా పడి ఉంది. మద్యం దొరికేది ఒక్క ఫ్లోరెన్స్ హోటల్లో, అదీ కూలీల కోసం కాదు.

1893 మాంద్యంలో ఈ ఏర్పాటు అసలు రంగు బయటపడింది. కూలి సగటున పాతిక శాతం తగ్గించారు, ఇంటద్దె మాత్రం పైసా తగ్గించలేదు. జీతంలోంచి నేరుగా కోసుకోవడానికి చట్టం ఒప్పుకోదు కనక కంపెనీ బ్యాంకులో రెండు చెక్కులు రాసేవారు: ఒకటి అద్దెకి, రెండోది మిగిలినదానికి. అద్దె చెక్కు మీద సంతకం అక్కడికక్కడే చేయించుకునేవారు. ఈ రెండు చెక్కుల పద్ధతి అర్థమైతే సమ్మె మొత్తం అర్థమైనట్టే.

తర్వాత ఫెడరల్ కమిషన్ తేల్చిన లెక్కలు కూడా గుర్తుంచుకోదగ్గవి. 1893 జులైతో ముగిసిన ఏడాదిలో కూలి కింద ఇచ్చింది 72 లక్షల డాలర్ల పైచిలుకు, వాటాదార్లకి పంచింది 25.2 లక్షలు. మరుసటి ఏడాది కూలి సుమారు 44.7 లక్షలకి పడిపోయింది, వాటాదార్ల డబ్బు 28.8 లక్షలకి పెరిగింది. (కూలి పద్దు అంతగా పడడంలో కోత ఒక్కటే లేదు, పనిలోంచి తీసేసినవాళ్ళూ ఉన్నారు. ఈ అంకెల్ని ఎక్కడైనా చెప్పేటప్పుడు ఆ సంగతి దాచకూడదు.) మొర పెట్టుకోవడానికి వెళ్ళిన బృందంలో ముగ్గుర్ని పనిలోంచి తీసేశారు. 1894 మే 11న సమ్మె మొదలైంది. జూన్ 26 నుంచి యూజీన్ డెబ్స్ నాయకత్వంలోని అమెరికన్ రైల్వే యూనియన్ పుల్‌మన్ పెట్టెలున్న రైళ్ళని ముట్టుకునేది లేదంది.

ఇక ఆ తగ్గిన మార్కు సంగతి. పార్కు చుట్టూ, పత్రికల్లో, లేబర్ డే సందేశాల్లో తిరిగే కథ ఒకటుంది: అప్పటి అధ్యక్షుడు క్లీవ్‌లాండ్ సైన్యాన్ని దింపి సమ్మెని అణిచాడనీ, కార్మికులకి కోపమొచ్చిందనీ, చల్లార్చడానికి లేబర్ డే ఇచ్చాడనీ. వినడానికి బాగుంది, తేదీలు ఒప్పుకోవు. బిల్లు సెనేట్‌లో జూన్ 22న, దిగువసభలో జూన్ 26న నెగ్గింది. క్లీవ్‌లాండ్ సంతకం జూన్ 28న. చికాగోకి సైన్యం వెళ్ళమన్న ఆజ్ఞ జులై 3న. సెలవు ముందు, తుపాకులు తర్వాత. సమ్మె వేడి ఆ సంతకాన్ని తొందరపెట్టి ఉండొచ్చు. కానీ సైన్యం చేసిన పనికి అది పరిహారం కాదు. పైగా ఆ చట్టంతో సెలవు దక్కింది ఫెడరల్ ఉద్యోగులకి, రాజధాని ప్రాంతానికి. మిగతా దేశంలో రాష్ట్రాలు అప్పటికే తమ పని తాము చేసుకుంటున్నాయి. 1882 సెప్టెంబరు 5న న్యూయార్క్‌లో సెంట్రల్ లేబర్ యూనియన్ పిలుపు మీద దాదాపు పదివేలమంది ఊరేగారు. 1887లో మొదటి చట్టం ఒరెగాన్ చేసింది. ఇక్కడికి వచ్చినవాళ్ళు "లేబర్ డే పుట్టిన ఊరు చూశాం" అనుకుని వెళ్ళిపోతారు. పుట్టింది న్యూయార్క్ వీధిలో. ఈ ముక్క ప్రవేశద్వారం దగ్గరే పెద్ద అక్షరాలతో ఉండాల్సింది.

ఊళ్ళో నడక తప్పించుకోకండి. రేంజర్ వెంట వెళ్ళే నడక ఆ రోజు ఉందేమో లోపలికి అడుగుపెట్టగానే అడగండి. లేకపోతే మీరే 111వ వీధి దాటి ఫ్లోరెన్స్ హోటల్, అటునుంచి ఆర్కేడ్ పార్కు, 112వ వీధి మూలన ఆకుపచ్చ రాతి చర్చి, మరికాస్త తూర్పుకి గుండ్రని వరండాల మార్కెట్ స్క్వేర్ చూసుకుని వెనక్కి రావచ్చు. హోటల్ చుట్టూ అధికారుల ఇళ్ళు, అక్కడినుంచి దూరం జరిగేకొద్దీ ముఖద్వారాలు, కిటికీలు చిన్నవవుతాయి. హోదాలు తెలుసుకోవడానికి బోర్డు చదవక్కర్లేదు. చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే: ఇవన్నీ ఒకే సంస్థవి కావు. విజిటర్ సెంటర్ నేషనల్ పార్క్ సర్వీస్‌ది, హోటల్ ఇలినాయ్ రాష్ట్రానిది, ఇళ్ళు సొంతదార్లవి. ఒకటి తెరిచి ఉంటే ఇంకొకటి తెరిచి ఉండాలని లేదు. వేళలు ముందురోజే పార్కు వెబ్‌సైట్‌లో చూసుకోండి. ఎవరి మెట్లమీదా కూర్చుని ఫోటోలు దిగకండి. ఇళ్ళ లోపల చూడాలనుంటే అక్టోబరులో జరిగే హౌస్ టూర్‌కి టికెట్టు కొనుక్కోవాలి.

ఉత్తరంగా ముప్పావు మైలు పైన, 104వ వీధి దగ్గర ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ పుల్‌మన్ పోర్టర్ మ్యూజియం ఉంది. ఇది వేరే సంస్థ, టికెట్టు ఉంటుంది, ఏడాది పొడుగునా తెరిచి ఉంటుందనుకోకండి. దీన్ని వదిలేస్తే కథ సగమే. డెబ్స్ యూనియన్ నల్లజాతివాళ్ళని చేర్చుకోలేదు. పడక పెట్టెల్లో సేవ చేసిన నల్లజాతి పోర్టర్లని ప్రయాణికులు యజమాని పేరుతో "జార్జ్" అని కేకేసేవారు. వాళ్ళు 1925లో రాండాల్ఫ్ నాయకత్వంలో సొంత యూనియన్ పెట్టుకున్నారు, కంపెనీతో ఒప్పందం 1937లో కుదిరింది. పన్నెండేళ్ళు.

వెళ్ళడానికి మెట్రా ఎలక్ట్రిక్ లైన్ సుఖం. మిలీనియం స్టేషన్లో ఎక్కి 111వ వీధి పుల్‌మన్‌లో దిగాలి. అన్ని రైళ్ళూ అక్కడ వాటంతటవే ఆగవు. ఎక్కగానే కండక్టర్‌తో చెప్పండి, తిరుగు ప్రయాణంలో ప్లాట్‌ఫాం మీద డ్రైవర్‌కి కనబడేలా నిలబడండి. నేపర్‌విల్, అరోరా వైపునుంచి కారులో వచ్చేవాళ్ళకి ఐ-94 మీద 111వ వీధి ఎగ్జిట్. రెండున్నర గంటలు చాలు, మ్యూజియం కలిపితే నాలుగు. తిండి ఏర్పాటు మీరే చూసుకోవాలి. పులిహోర డబ్బా తెచ్చుకుంటే ఆర్కేడ్ పార్కులో నీడ ఉంది. ఊరినుంచి వచ్చిన పెద్దవాళ్ళు వెంట ఉంటే నడక ఎక్కువని ముందే చెప్పండి.

మే డే చికాగో కోసం వెతికేవాళ్ళకి పుల్‌మన్‌లో అది దొరకదు. దానికి డౌన్‌టౌన్‌లో డెస్‌ప్లెయిన్స్ వీధి మీద, లేక్, రాండాల్ఫ్ వీధుల మధ్యకి వెళ్ళాలి. 1886 మే 4న బాంబు పేలిన హేమార్కెట్ సభ జరిగింది అక్కడే. బండి మీద నిలబడి మాట్లాడుతున్న మనుషుల శిల్పం 2004లో పెట్టారు, పీఠం మీద దేశదేశాల యూనియన్లు తగిలించిన ఫలకాలున్నాయి. పది నిమిషాల పని. ఆ బాంబు కేసులో ఉరితీసిన నలుగురి సమాధి, 1893లో ఆవిష్కరించిన స్మారకం మాత్రం ఫారెస్ట్ పార్క్‌లోని ఫారెస్ట్ హోమ్ శ్మశానంలో ఉన్నాయి. బ్లూ లైన్ చివరి స్టేషన్లో దిగి దక్షిణంగా నడవాలి. ఒకేరోజు పుల్‌మన్, ఫారెస్ట్ పార్క్ రెండూ పెట్టుకోకండి, ఊరికి అదొక కొస, ఇదొక కొస.