పాథాలజీ సీటు కోసం డెల్టా చుట్టి వచ్చాం

ఎం.డి. పాథాలజీకి (శరీర కణజాలాన్ని పరీక్షించి జబ్బును నిర్ధారించే విభాగంలో పీజీ చదువు) వెబ్ ఆప్షన్లు (కౌన్సెలింగ్‌లో కోరుకునే కళాశాలల వరుస) పెట్టబోయేవాళ్లు ఒక్కసారి కళాశాలకు స్వయంగా వెళ్లి చూడండి. కరపత్రంలోని భవనం బొమ్మ చూసి మూడేళ్ల చదువు నిర్ణయించుకోవద్దు. గోదావరి జిల్లాల్లో ఒకచోట నాకూ నాన్నకూ దక్కిన మర్యాద తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

భీమవరంలో కారు మాట్లాడుకున్నాం. రోజుకు 3,800 రూపాయలు, డ్రైవరు బత్తా 300. మిగిలిన చోట్ల పని సాఫీగానే సాగింది. ఈ ఒక్క ప్రైవేటు కళాశాల సంగతే వివరంగా చెప్పాలి. పేరూ ఊరూ రాయను. ఇంటికి దగ్గరని నాన్న మనసులో మొదటి స్థానం దీనికే ఇచ్చారు.

పరిపాలనాధికారి మమ్మల్ని రెండు గంటలు బల్ల మీద కూర్చోబెట్టి, లోపలికి పిలిచాక ఫీజు గురించీ బ్యాంకు గ్యారంటీ గురించీ తప్ప మరో మాట ఎత్తలేదు. ‘‘నెలకు ఎన్ని బయాప్సీలు వస్తాయండీ?’’ అని అడిగాను. ‘‘అవన్నీ మీకెందుకమ్మా, పాథాలజీకి సీటు దొరకడమే గొప్ప. ముందు డీడీ సంగతి చూడండి’’ అన్నాడు. నాన్న ముఖం ఎర్రబడింది. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన మనిషి, ఆ గొంతు ఆయనకు కొత్త. అయినా విభాగం చూడందే కదలనని పట్టుబట్టాను.

చూపించారు. పదిమంది ఒకేసారి చూడగలిగే మైక్రోస్కోపుకు ప్లాస్టిక్ ముసుగు కప్పి ఉంది. తీస్తే లోపల బల్బు లేదు. పగలు పదకొండు గంటలకు గ్రాసింగ్ బల్ల (ఆపరేషన్‌లో తీసిన అవయవాలను పరిశీలించి, పరీక్షకు ముక్కలు కోసే చోటు) పొడిగా ఉంది, ఆ అవయవాలు పాడవకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవం వాసన కూడా లేదు. స్పెసిమన్ రిజిస్టరు తెరిచి ఉంటే తొంగిచూశాను. నెలాఖరు వచ్చినా ఆ నెల ఒక పేజీ కూడా నిండలేదు.

ఇది చిన్న విషయం కాదు. పాథాలజిస్టు చెయ్యి తిరిగేది గ్రాసింగ్ బల్ల దగ్గరే. రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్సలో తీసిన ముక్కను ఆలస్యం చేయకుండా ఫార్మలిన్‌లో వేయాలి, ఆరు గంటలకు తక్కువ కాకుండా, 72 గంటలు మించకుండా ఉంచాలి. లేకపోతే ఆ క్యాన్సర్‌కు హార్మోన్ చికిత్స పనికొస్తుందో లేదో చెప్పే హార్మోన్ రిసెప్టార్ల పరీక్షను నమ్మలేం. ఏ అంచుకు ఏ రంగు సిరా పూయాలి, ఏ భాగం నుంచి ముక్క తీయాలి అన్నది అక్కడ తప్పితే తర్వాత స్లైడు కోసం మూడు నాలుగు మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందాన ఎంత చక్కగా కోసినా ఉపయోగం లేదు. కేసులు రాని చోట ఇదంతా ఎవరు నేర్పుతారు?

కాకినాడ చేరేసరికి రాత్రయింది. లాడ్జివాళ్లు ఫోనులో 1,500 అన్నారు, తీరా వెళ్తే 1,900. ఏసీ రిమోటుకు మరో 200 అడిగారు! నాన్న ఏమీ అనకుండా డబ్బు ఇచ్చి, భోజనం మానేసి పడుకున్నారు. కాకినాడలో గది తీసుకునేవాళ్లు మొత్తం ఎంతో రాతపూర్వకంగా తెప్పించుకోండి.

మర్నాడు మనసు తేలికపడింది. రంగరాయ వైద్య కళాశాల 1958 నాటిది. పాథాలజీలో ఆ వయసుకు విలువ ఉంది, ఎందుకంటే ఏళ్ల తరబడి దాచిన స్లైడ్లే మన అసలు గ్రంథాలయం. అక్కడి సహాయాచార్యురాలు మా వివరాలు అడిగి, గ్రాసింగ్ జరుగుతుండగానే లోపలికి రమ్మన్నారు. బల్ల మీద గర్భసంచి, థైరాయిడ్, పిత్తాశయం, పక్కన పోస్టుమార్టం నుంచి వచ్చిన గుండె. రెండో ఏడు పీజీ ఒకరు గర్భసంచిని నిలువునా చీల్చి లోపొర మందం కొలుస్తూ, ‘‘మొదటి ఆరు నెలలూ నడుం పడిపోతుంది డాక్టరుగారూ, కానీ చూడని కేసంటూ ఉండదు’’ అన్నారు. ఆ ఒక్క మాట కోసమైనా అంత దూరం వెళ్లవచ్చు.

మధ్యాహ్నం ఆసుపత్రి దగ్గరి మెస్సులో 120 రూపాయలకు ఆవపెట్టిన పనసపొట్టు కూరతో భోజనం. నాన్న రెండోసారి అడిగి వడ్డించుకున్నారు. తిరుగు ప్రయాణంలో ఆయన కోరిక మీద కోటిపల్లి రేవులో పంటు (మనుషులనూ వాహనాలనూ గోదావరి దాటించే పడవ) ఎక్కి ముక్తేశ్వరం వైపు దాటాం.

కారులోనే జాబితా రాసుకున్నాం. కాకినాడ మొదటిది. ఆ ప్రైవేటు కళాశాలను నాన్నే కొట్టేశారు. సీటు కేటాయింపు మీ ర్యాంకునూ మీరు పెట్టిన వరుసనూ బట్టి జరుగుతుంది. తర్వాతి విడతలో పైనున్న ఆప్షను వస్తే చేతిలోని సీటు పోతుంది. అందుకని నిజంగా చేరతానన్న కళాశాలనే పైన పెట్టండి. చూడడానికి వెళ్తే గ్రాసింగ్ వేళ కనుక్కుని వెళ్లండి. నెలకు ఎన్ని బయాప్సీలు, ఫ్రోజెన్ సెక్షన్ (ఆపరేషన్ జరుగుతుండగానే ముక్కను గడ్డకట్టించి చేసే పరీక్ష) ఉందా, థీసిస్ గైడు ఒక్కొక్కరి కింద ఎంతమంది అని కార్యాలయంలో కాదు, రెండో ఏడు పీజీలను అడగండి.