హెడ్‌లైట్‌కి సాలిడ్ స్టేట్ రిలే: డబ్బులకి తగ్గట్టుందా?

మా పాత పెట్రోల్ బండికి లో బీమ్‌, హై బీమ్‌ రిలేలు (స్విచ్ వేస్తే లోపల కాంటాక్టులు కలిసి బల్బుకి కరెంట్ పంపే చిన్న డబ్బాలు) రెండూ పీకేసి సాలిడ్ స్టేట్‌వి పెట్టా. సైజు మామూలు మినీ రిలే సైజే, పిన్నులు కూడా 30, 85, 86, 87 అవే, పాత సాకెట్‌లోనే దిగిపోయాయి, వైర్ కట్ చేసే పనే లేదు. రేటు మాత్రం ఒక్కోదానికి మామూలు రిలేలు నాలుగైదు వస్తాయి.

అందరూ అడిగేది వెలుగు పెరిగిందా అనే కదా. పెరిగింది, కానీ ఆగండి. లైట్లు వేసి 30కీ 87కీ మధ్య (బల్బు కరెంట్ వెళ్ళే పిన్నులు ఇవే) మల్టీమీటర్ పెడితే పాతదాంట్లో దాదాపు 0.4 వోల్ట్ పోతోంది (విప్పి చూస్తే కాంటాక్టులు నల్లగా మాడిపోయున్నాయి), కొత్తదాంట్లో 0.05 దగ్గర ఆగింది. హాలోజన్ బల్బుకి వోల్టేజ్ 5 శాతం తగ్గితే వెలుగు దాదాపు 16 శాతం పడిపోద్ది, ఆ లెక్కన నాకు కలిసొచ్చింది ఒక 8, 9 శాతం, అంతే. ఇంకో సంగతి, కొత్త మామూలు రిలే పెట్టినా ఇంచుమించు ఇంతే వచ్చేది! విజయవాడ ఆటోనగర్‌లో ఎలక్ట్రీషియన్ కూడా అదే అన్నాడు, "ఎందుకు సార్ ఇదంతా, మంచి కంపెనీ రిలే వేసుకోండి చాలు" అని. వెలుగు వరకే అయితే ఆయన మాటే కరెక్ట్.

మరి దీనికి అంత డబ్బు ఎందుకు పెట్టాలి అంటే, ఇందులో కలిసి విడిపోయే కాంటాక్టులే లేవు, లోపల మాస్‌ఫెట్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్ ఉంటుంది. చల్లగా ఉన్న ఫిలమెంట్ వేసిన క్షణంలో మామూలుకన్నా ఎన్నో రెట్లు కరెంట్ లాగుద్ది, మన హైవేల మీద ఎదురొచ్చే లారీకి డిప్పర్ కొట్టిన ప్రతిసారీ పాత రిలే కాంటాక్టులు ఆ దెబ్బ తింటూనే ఉంటాయి, దీనికి ఆ అరుగుదల లేదు. వేడి కూడా పెద్దగా లేదు, రెండు 55 వాట్ల బల్బులకి తొమ్మిది ఆంప్స్ పోతున్నా గోరువెచ్చగానే ఉంటోంది. టిక్‌మనే సౌండ్ లేకపోవడం మాత్రం కొన్నాళ్ళు వింతగా అనిపించుద్ది.

కొనేముందు ఒకటి చూసుకోండి. ప్యానెల్ బోర్డుల్లో వాడే ఏసీ టైపు సాలిడ్ స్టేట్ రిలేలు చవగ్గా దొరుకుతున్నాయని కార్లో పెట్టారంటే లైటు వెలుగుద్ది గానీ ఆరదు, ఎందుకంటే లోపల ఉండే ట్రయాక్ అనే ఏసీ స్విచ్‌కి కరెంట్ సున్నాకి పడితేనే ఆఫ్ అవడం తెలుసు, బ్యాటరీ కరెంట్ అలా పడదు కదా. డీసీ అవుట్‌పుట్ అని రాసుంటేనే తీసుకోండి. రిలేని ఆన్ చేసే 85, 86 పిన్నుల దగ్గర ప్లస్ మైనస్ కూడా ముఖ్యం, మామూలు రిలేలో ఉండే కాయిల్‌కి ఎటు ఇచ్చినా నడుస్తుంది, దీనికి నడవదు, కొన్ని బళ్ళలో సాకెట్‌లో అవి తిరగేసి ఉంటాయి.

నాకు నచ్చనిది, మాస్‌ఫెట్ పోయేటప్పుడు ఎక్కువగా షార్ట్ అయ్యే పోతుంది, అంటే లైట్ ఆగకుండా వెలుగుతూనే ఉంటుంది, ఫ్యూజ్ కూడా కొట్టదు, రాత్రి ఇంటి ముందు పార్క్ చేసి పడుకుంటే పొద్దున్నకి బ్యాటరీ ఖాళీ. అందుకే పాత సైజు మామూలు రిలే ఒకటి కొత్తది కొని డాష్‌బోర్డులో పడేశా.

ఇంకా వెలుగు కావాలంటే ముందు హెడ్‌లైట్ ఎర్త్ పాయింట్ విప్పి తుప్పు గీకించండి, అక్కడ కూడా ఇలాగే వోల్టేజ్ పోతూ ఉంటుంది, దానికి పైసా ఖర్చు లేదు.