జాలీ బుట్ట ఉన్న గాజు టీపాట్: శరత్కాలపు సాయంత్రాలకి ఎంతవరకు నమ్మొచ్చు?

సాయంత్రం గాలి చల్లబడ్డాక తీరిగ్గా రెండు కప్పుల ఆకు టీ తాగాలనుకునేవాళ్ళకి 600 మి.లీ. పట్టే గాజు టీపాట్ సరిపోతుంది. బోరోసిలికేట్ గాజు (వేడికి తట్టుకునే రకం), లోపల పైకి తీయగలిగే స్టీలు జాలీ బుట్ట: ఇక్కడ చెప్పేది ఈ రకం గురించే.

ముందు మెచ్చుకోవలసింది ఆ బుట్టని. ఎండుటాకు నీళ్ళలో విప్పారడానికి చోటు కావాలి. గొలుసుకి వేలాడే చిన్న బంతి జాలీలో ఆకు కిక్కిరిసి, మధ్యభాగానికి నీళ్ళు సరిగా అందవు. రంగు వస్తుంది, రుచి రాదు. అడుగుదాకా దిగే బుట్టలో ఆ బాధ లేదు. 400 మి.లీ. నీళ్ళకి 4-5 గ్రాముల ఆకు చాలు. చెంచా లెక్క నమ్మకండి. నలిగిన ఆకు చెంచాలో ఎక్కువ పడుతుంది, పొడుగాకు తక్కువ. చిన్న కాటా వాడితే మేలు.

బ్లాక్ టీకి కళపెళ మరిగిన నీళ్ళు పోసి 3-4 నిమిషాలు ఉంచాలి. గ్రీన్ టీకి 75-80 డిగ్రీల వేడి, 2 నిమిషాలు. అంతకన్నా వేడిగా పోస్తే నాలుక పట్టేసే వగరు దిగుతుంది. టైమ్ అవగానే బుట్ట తీసేయాల్సిందే, లేదంటే రెండో కప్పు చేదే.

గాజులోంచి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. తేనెరంగు సారం పోగులు పోగులుగా కిందికి జారి అడుగున చేరుతుంది, పైన నీళ్ళు తేటగా ఉండిపోతాయి. తీసేముందు బుట్టని రెండుసార్లు ఎత్తి దించితే కప్పులన్నీ ఒకే చిక్కదనంతో వస్తాయి.

అసలు లోపం వేడి నిలవకపోవడం. పల్చటి గాజు త్వరగా చల్లారుతుంది. ముందుగా వేడినీళ్ళతో కడిగి పారబోసి, టీ వేశాక మందపాటి గుడ్డ చుట్టండి. అయితే పొగలు కక్కే టీ గుటకేయడం ఎలాగూ మంచిది కాదు. 65 డిగ్రీలు దాటిన పానీయాలు తాగడాన్ని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో 'బహుశా క్యాన్సర్ కారకం' కోవలో చేర్చింది. కప్పులో పోసి కొన్ని నిమిషాలు ఆగండి. వెచ్చటి టీ గొంతుకి హాయినిస్తుందే తప్ప జలుబు తగ్గించదు. కెఫీన్‌కి నిద్ర పట్టనివాళ్ళు రాత్రిపూట చామంతి టీకి మారొచ్చు. 5 నిమిషాలు నాననివ్వాలి. అల్లం మాత్రం నానబెడితే సారం సరిగా దిగదు. పల్చగా తరిగి వేరే గిన్నెలో 10 నిమిషాలు మరిగించి పోసుకోవాలి.

పాల టీకి, డస్ట్ టీకి ఇది వద్దు. పొడి జాలీలోంచి జారిపోతుంది.

ఈ గాజు మరిగే నీళ్ళకి తట్టుకుంటుంది కానీ, వేడిగా ఉన్నప్పుడు చన్నీళ్ళు తగిలితే పగలొచ్చు. స్టీలు పీచుతో తోమితే పడే గీతలే తర్వాత బీటలవుతాయి. గోధుమరంగు మరకకి వేడినీళ్ళలో చెంచా వంటసోడా కలిపి 15 నిమిషాలు ఉంచితే చాలు. కొనేటప్పుడు వీలుంటే నీళ్ళు పోసి వంచి చూడండి: కొమ్ము అంచు మొద్దుగా ఉంటే ప్రతిసారీ టీ కిందికి కారుతుంది, దానికి మందు లేదు.