కమిషనర్ దగ్గరికా, హైకోర్టుకా? వికలాంగుల హక్కుల కేసులో ఏ దారి మేలు?

వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చి, 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులో ఉంది. ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ దక్కకపోయినా, పరీక్షలో తన తరఫున జవాబులు రాసే స్క్రైబ్‌ను నిరాకరించినా, ర్యాంపు లేని కార్యాలయం మెట్ల దగ్గరే ఆగిపోవలసి వచ్చినా బాధితుడికి ప్రధానంగా రెండు దారులు ఉన్నాయి. ఒకటి, ఆ చట్టం కింద నియమితుడైన రాష్ట్ర కమిషనర్‌కు ఫిర్యాదు చేయడం. రెండోది, రాజ్యాంగంలోని 226వ అధికరణం కింద హైకోర్టులో రిట్ (హక్కుల అమలుకు ఆదేశం కోరే పిటిషన్) వేయడం. (ప్రభుత్వ కాగితాల్లో ఇప్పుడు దివ్యాంగులు అంటున్నారు గానీ, హక్కుల కోసం పోరాడే సంఘాలు చాలావరకు వికలాంగులు అన్న మాటనే నిలుపుకున్నాయి, ఇక్కడా ఆ మాటే వాడుతున్నాను.) ఈ రెండింటిలో ఏది మేలని అడిగితే, గడువు తరుముకొస్తున్న కేసుల్లో తప్ప ముందు కమిషనర్ దగ్గరికి వెళ్లడమే మేలని నా అభిప్రాయం. అక్కడ గట్టి ఉత్తర్వు వస్తుందన్న ఆశతో కాదు, కేసుకు కావలసిన ఆధారం చేతికి వస్తుందన్న లెక్కతో.

కమిషనర్ ముందు కోర్టు ఫీజు లేదు, వకీలు ఉండి తీరాలన్న నిబంధనా లేదు. 2017 నాటి కేంద్ర నియమాలు కేంద్ర స్థాయి చీఫ్ కమిషనర్ విషయంలో చెప్పిన పద్ధతి ప్రకారం ఫిర్యాదును స్వయంగా గానీ, ప్రతినిధి ద్వారా గానీ, రిజిస్టర్డ్ పోస్టులో గానీ, ఈమెయిల్‌లో గానీ పంపవచ్చు; ఎదుటి పక్షం 30 రోజుల్లో, పొడిగింపు ఇస్తే మరో 15 రోజులకు మించకుండా, తన వాదన చెప్పాలి. వీటన్నిటికంటే విలువైనది, సాక్షులను పిలిపించడంలోనూ రికార్డులు తెప్పించడంలోనూ సివిల్ కోర్టుకు ఉన్న అధికారాలను చట్టం కమిషనర్‌కు ఇవ్వడం. వికలాంగుల కోటా పోస్టుకు అర్హులు దొరకలేదని ఒక శాఖ చెప్పిందనుకుందాం. అలాంటప్పుడు ఆ ఖాళీని తర్వాతి నియామక సంవత్సరానికి తీసుకుపోవాలని సెక్షన్ 34 చెబుతోంది. తీసుకుపోయారో లేదో తేల్చేది, ఏ ఖాళీ ఏ కోటాకు చెందుతుందో రాసి ఉంచే రోస్టర్ రిజిస్టరే. సమాచార హక్కు దరఖాస్తుకు రెండు ముక్కల జవాబిచ్చి ఊరుకునే అధికారి, కమిషనర్ పిలిస్తే ఆ రిజిస్టర్ పట్టుకుని రావలసిందే.

అయితే ఈ దారికి ఉన్న లోపం చిన్నది కాదు. చివరికి కమిషనర్ ఇచ్చేది సిఫార్సు. దాని మీద తీసుకున్న చర్యను సంబంధిత శాఖ మూడు నెలల్లో తెలియజేయాలి. అంగీకరించకపోతే కారణాలను కమిషనర్‌కు ఆ గడువులోనే చెప్పాలి, బాధితుడికీ తెలపాలి. అంటే కాదనే వీలు శాఖకు ఉన్నట్టే. పైగా, స్టే లాంటి మధ్యంతర ఉత్తర్వు ఇచ్చే అధికారం కమిషనర్లకు లేదని స్టేట్ బ్యాంక్ ఆఫ్ పటియాలా కేసులో సుప్రీంకోర్టు 2010లోనే తేల్చింది. అది 1995 నాటి పాత చట్టం కింద వచ్చిన తీర్పే అయినా, కమిషనర్‌కు సివిల్ కోర్టు అధికారాలు ఇచ్చిన తీరు కొత్త చట్టంలోనూ అలాంటిదే.

హైకోర్టు బలం సరిగ్గా అక్కడే ఉంది. అది స్టే ఇవ్వగలదు, ఉత్తర్వును కొట్టివేయగలదు, ఫలానా పని చేసి తీరాలని ఆదేశించగలదు. నియమమే తప్పయినప్పుడు కోర్టు తప్ప వేరే దిక్కు లేదు. రిజర్వేషన్‌కు చట్టం పెట్టిన కనీస పరిమితి అయిన 40 శాతం వైకల్యం లేకపోయినా అవసరం ఉన్న అభ్యర్థికి స్క్రైబ్‌ను ఇవ్వాలని 2021 ఫిబ్రవరిలో చెప్పింది సుప్రీంకోర్టే. భవనాలు, రవాణా, వెబ్‌సైట్లు అందరికీ అందుబాటులో ఉండాలన్న ప్రమాణాలను కేవలం మార్గదర్శకాల స్థాయికి దించిన, 2017 కేంద్ర నియమాల్లోని 15వ నియమం మూల చట్టానికి విరుద్ధమని 2024 నవంబరు 8న తీర్పు చెప్పిందీ ఆ కోర్టే. ఆ కేసులో క్షేత్రస్థాయి పరిస్థితి మీద నివేదిక ఇచ్చింది హైదరాబాద్ నల్సార్ విశ్వవిద్యాలయంలోని వైకల్య అధ్యయన కేంద్రం.

కానీ ఆ పిటిషన్ దాఖలైంది 2005లో. వర్ణాంధత్వం ఉందని 2016 జనవరిలో తెలంగాణ ఆర్టీసీ ఇంటికి పంపిన డ్రైవర్‌కు ప్రత్యామ్నాయ ఉద్యోగం ఇవ్వాలని సుప్రీంకోర్టు చెప్పింది 2025 ఆగస్టులో. పాత జీతం బకాయిల్లో దక్కింది 25 శాతమే. గెలుపే అయినా, మధ్యలో తొమ్మిదేళ్లు ఆ ఇల్లు గడిచిన తీరును ఏ తీర్పూ పూడ్చలేదు. పైగా, రిట్‌లో కోర్టు సాధారణంగా ప్రమాణ పత్రాల మీదే నడుస్తుంది; వాస్తవాలే వివాదంలో ఉంటే, వేరే చోట తేల్చుకోమని పంపేస్తుంది. కమిషనర్ దగ్గర తేలిన వాస్తవాలకు, శాఖ రాసి ఇచ్చిన నిరాకరణ కారణాలకు విలువ పెరిగేది ఇక్కడే: వాటిని జతచేసి వేసిన రిట్‌లో వాదించడానికి మిగిలేది చట్టం ఒక్కటే.

కాబట్టి కేసును బట్టి ఎంచుకోవాలి. పరీక్ష పది రోజుల్లో ఉండి స్క్రైబ్‌ను నిరాకరిస్తే నేరుగా హైకోర్టుకే వెళ్లాలి. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ప్రభుత్వ ఉద్యోగిని సెక్షన్ 20కి విరుద్ధంగా తొలగించినా అంతే. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉద్యోగ వివాదాలు చూసే రాష్ట్ర పరిపాలనా ట్రిబ్యునల్ రద్దయింది కనుక రాష్ట్ర ఉద్యోగికి మొదటి మెట్టు హైకోర్టే, కేంద్ర ఉద్యోగి మాత్రం కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్ అయిన క్యాట్‌కు వెళ్లాలి. ర్యాంపు, లిఫ్టు, రోస్టర్ వంటి విషయాల్లో కమిషనరే మేలు. ప్రైవేటు సంస్థ మీద రిట్ సాధారణంగా నిలవదు, కానీ సమాన అవకాశాల విధానం ప్రకటించే బాధ్యత వాటికీ ఉంది కనుక అక్కడా కమిషనర్ తలుపే తట్టాలి. సదరం (వైకల్య నిర్ధారణ) క్యాంపులో వేసిన వైకల్య శాతం మీద వివాదమైతే మొదట వెళ్లవలసింది ఈ రెండు చోట్లకూ కాదు, సెక్షన్ 59 కింద ఉన్న అప్పీలు అధికారి దగ్గరికి. బహిరంగంగా అవమానించడం, దాడి చేయడం వంటివి సెక్షన్ 92 కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు పడే నేరాలు. వాటికి పోలీసులూ, ప్రత్యేక కోర్టులూ ఉన్నాయి.

ఖర్చు భయంతో హైకోర్టు మాట ఎత్తనివాళ్లు గమనించవలసింది ఒకటుంది. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం ప్రకారం వికలాంగులకు ఆదాయ పరిమితితో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. 15100 నంబరుకు ఫోన్ చేసి అడగవచ్చు. ఏ దారి పట్టినా, ఫిర్యాదు ప్రభుత్వ కార్యాలయం మీదైతే, అంతకుముందే అక్కడి ఫిర్యాదుల పరిష్కార అధికారికి రాతపూర్వకంగా రాసి, తేదీ వేసిన రసీదు తీసుకోవాలి. సెక్షన్ 23 ప్రకారం ఆయన రెండు వారాల్లో విచారణ జరపాలి. జరపకపోతే ఆ రసీదే కమిషనర్ ఫైల్లోనూ, రిట్ పిటిషన్‌లోనూ మొదటి కాగితం అవుతుంది.