వెబ్ డిజైనర్ "కొత్త సర్వీసులు" పేజీ చూసి ఆర్డర్ ఇవ్వబోతున్నారా? ఒక్క నిమిషం

నా వెబ్‌సైట్ చేసిపెట్టిన ఫ్రీలాన్స్ డిజైనర్ తన సైటులో కొత్తగా కొన్ని సర్వీసులు ప్రకటించాడు. అవి తీసుకుని ఎనిమిది నెలలు అవస్థ పడ్డాను. పేరు రాయను, దయచేసి అడగొద్దు. నేను ఎక్కడెక్కడ ఆగి చూసుకోలేదో చెబితే ఇంకొకరైనా చూసుకుంటారని ఈ పోస్టు.

న్యాయంగా ముందు ఒక మాట చెప్పాలి. మనిషి మంచి డిజైనరే. నేను ఆన్‌లైన్‌లో కుట్టు క్లాసులు చెబుతాను. మూడేళ్ల కిందట నా సైటు చేసింది అతనే. చెప్పిన రోజుకి ఇచ్చాడు, రంగులు నాలుగుసార్లు మార్చమన్నా విసుక్కోలేదు. అందుకే అడగ్గానే మెచ్చుకుంటూ నాలుగు వాక్యాలు రాసిచ్చాను. ఆ నాలుగు వాక్యాల సంగతి తర్వాత చెబుతాను.

కొన్నాళ్లకు అతని నుంచి మెయిల్ వచ్చింది. కొత్త సర్వీసులు మొదలుపెట్టాను, పాత కస్టమర్లకు ముందుగా చెబుతున్నాను అని. లింకు నొక్కితే చక్కటి పేజీ. ఎస్ఈఓ (గూగుల్‌లో వెతికితే మన సైటు పైన కనబడేలా చేసే పని), స్పీడ్, సెక్యూరిటీ, హోస్టింగ్, మొబైల్ యాప్, ఇంకా ఏవేవో, మొత్తం పదకొండు. ఎస్ఈఓ దగ్గర "మూడు నెలల్లో గూగుల్ మొదటి పేజీ, గ్యారంటీ" అని పెద్ద అక్షరాలు, కింద ఆరుగురు కస్టమర్ల ప్రశంసలు. సైటు బాగా చేశాడు, ఇదీ బాగానే చేస్తాడులే అనుకున్నాను. గోడలకు రంగు బాగా వేశాడని అతని చేతికే కరెంటు వైరింగ్ కూడా అప్పగించినట్టయింది నా పని.

గ్యారంటీ అన్న మాట దగ్గరే ఆగాల్సింది. మొదటి స్థానం వస్తుందని ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని గూగుల్ తన సహాయ పేజీల్లోనే రాసిపెట్టింది. నేను అది చదివింది డబ్బు కట్టాక.

నెలనెలా రిపోర్టు మాత్రం ఠంచనుగా వచ్చేది. పద్నాలుగు కీవర్డ్స్‌లో (జనం వెతికే మాటల్లో) మనం ఫస్ట్, అన్నీ పచ్చటి బాణాలు. రెండు నెలలు సంతోషించాను. కొత్త విద్యార్థులు మాత్రం ఒక్కరూ పెరగలేదు. మూడో నెల కూర్చుని ఒక్కొక్కటీ చదివితే తెలిసింది: ఆ పద్నాలుగులో తొమ్మిది నా క్లాసుల పేరే, అటూ ఇటూ తిప్పి రాసినవి. నా పేరుతో వెతికితే నా సైటు రాక ఇంకెవరిది వస్తుంది? మిగిలిన అయిదూ మనిషన్నవాడెవడూ టైప్ చేయని పొడుగాటి వాక్యాలు. ఒక రిపోర్టులో అయితే మెటా కీవర్డ్స్ (పేజీ కోడ్‌లో కనబడకుండా రాసే మాటలు) చేర్చామని పేజీ నిండా రాశాడు. ర్యాంకింగ్‌కు ఆ ట్యాగును వాడడం లేదని గూగుల్ 2009లోనే చెప్పేసింది.

నిజం తెలియాలంటే గూగుల్ వాళ్ల టూల్ సెర్చ్ కన్సోల్ చూడాలి. అది ఉచితం. ఏ మాటలతో వెతికినవాళ్లకు మన సైటు కనిపించింది, ఎందరు నొక్కారు, సగటున ఎన్నో స్థానంలో ఉంది, అన్నీ అందులో ఉంటాయి. నా సైటు సెర్చ్ కన్సోల్ అతని అకౌంట్‌లో ఉంది, నాకు అసలు యాక్సెసే లేదు. ఎస్ఈఓ ఎవరికి ఇచ్చినా సరే, అందులో ఓనర్‌గా మీరుండండి. పని చేసేవాళ్లను మీరు చేర్చండి, పని అయిపోయాక మీరే తీసేయండి.

అడగ్గా అడగ్గా యాక్సెస్ ఇచ్చాడు. లోపలికి వెళ్లేసరికి అసహజ లింకుల మీద మాన్యువల్ యాక్షన్ (గూగుల్ మనుషులే చూసి సైటుకు వేసే శిక్ష) నోటీసు, అప్పటికే అయిదు వారాల పాతది! మెయిల్ అతనికి వెళ్లింది, అతను నాకు చెప్పలేదు. లింకుల రిపోర్టు తెరిస్తే కుట్టుపనితో సంబంధం లేని వందల సైట్ల నుంచి నా పేజీకి లింకులు, సగం జూదం సైట్లు. ర్యాంకు కోసం లింకులు కొనడం గూగుల్ స్పామ్ నియమాలకు విరుద్ధం. గట్టిగా అడిగితే అప్పుడు బయటపెట్టాడు, ఎస్ఈఓ పని తాను చేయడం లేదట, ఇంకెవరికో ఇచ్చాడట. బయటివాళ్లతో చేయించడం తప్పని నేననను. కానీ ఆ పేజీలో ఎక్కడా ఆ ముక్క లేదు.

స్పీడ్ సర్వీసుది ఇంకో కథ. పేజీ వేగం కొలిచే గూగుల్ టూల్ పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో నూటికి 97 వచ్చిందని స్క్రీన్‌షాట్ పంపాడు. విద్యార్థులేమో ఫోన్‌లో పేజీ తెరుచుకోవట్లేదని గోల. తెలిసినవాళ్లకు చూపిస్తే, పరీక్ష చేసే టూల్ వచ్చినప్పుడు బరువైన స్క్రిప్టులను దాచేసే ప్లగిన్ (సైటుకు తగిలించే చిన్న ప్రోగ్రాం) పెట్టాడని చెప్పారు. మనుషులు వస్తే మళ్లీ మామూలే. అందుకని ఆ స్కోరు ఒక్కటే చూడకండి. అదే పేజీలో పైన గత 28 రోజుల్లో నిజమైన క్రోమ్ యూజర్లకు ఎలా తెరుచుకుందో ఉంటుంది. పేజీలోని ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలోపు కనబడితే బాగున్నట్టు లెక్క. నాది ఆరు దాటింది. మీ సైటుకు వచ్చేవాళ్లు తక్కువైతే ఆ భాగం ఖాళీగా ఉండొచ్చు, అప్పుడు వైఫై ఆపి మీ ఫోన్‌లోనే తెరిచి చూడండి.

సెక్యూరిటీ పేరుతో ఏడాదికింత అని తీసుకున్నది తీరా చూస్తే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ ఇచ్చే సర్టిఫికెట్, సైటుకూ బ్రౌజర్‌కూ మధ్య నడిచేది బయటివాళ్లు చదవకుండా కాపాడేది. ఎవరికైనా ఉచితంగా వచ్చేదే, గడువు తీరేలోపు దానంతటదే రెన్యూ అయ్యేలా పెట్టుకోవచ్చు. పెట్టినందుకు కూలీ తీసుకుంటే నాకు అభ్యంతరం లేదు. "ప్రత్యేక ప్రీమియం సర్టిఫికెట్" అని అమ్మడమే నచ్చలేదు. సర్టిఫికెట్ ఎవరు ఇచ్చారో బ్రౌజర్‌లోనే కనిపిస్తుంది. అడ్రస్ పక్కనున్న గుర్తు నొక్కి చూడండి.

అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టింది డొమైన్, అంటే నా సైటు అడ్రస్. హోస్టింగ్ సర్వీసులో "అన్నీ ఒకేచోట ఉంటే మీకు సులువు" అని నా డొమైన్‌ను తన అకౌంట్‌లోకి మార్పించుకున్నాడు. నేనే బదిలీ కోడ్ ఇచ్చాను, తెలివితక్కువగా. మానేస్తానని చెప్పిన రోజు నుంచి మెసేజ్‌లకు జవాబు లేదు. డాట్ కామ్ లాంటి డొమైన్లకు బదిలీ కోడ్ అడిగితే రిజిస్ట్రార్ (డొమైన్లు అమ్మి నమోదు చేసే కంపెనీ) అయిదు రోజుల్లో ఇవ్వాలని ఐకాన్ (డొమైన్ల వ్యవస్థను చూసుకునే అంతర్జాతీయ సంస్థ, ICANN) నియమం ఉంది. ఆ ధైర్యంతో రిజిస్ట్రార్‌కు రాశాను. రికార్డుల్లో ఓనర్ మీరు కాదండీ అన్నారు. ఓనర్‌గా తన పేరే పెట్టుకున్నాడు! పాత రసీదులు, మెయిళ్లు అన్నీ ముందుపెట్టి, నెలన్నర వెంటపడితే తిరిగొచ్చింది. ఐకాన్ లుకప్ పేజీలో మీ డొమైన్ టైప్ చేస్తే ఏ రిజిస్ట్రార్ దగ్గరుందో తెలుస్తుంది. ఓనర్ పేరు చాలాసార్లు ప్రైవసీ కింద దాచి ఉంటుంది. అందుకని ఆ రిజిస్ట్రార్ అకౌంట్‌లోకి మీ సొంత పాస్‌వర్డ్‌తో వెళ్లగలరో లేదో ఈ రోజే చూసుకోండి.

ఇక ఆ నాలుగు వాక్యాలు. గొడవ మధ్యలో ఒకరోజు అతని పేజీ మళ్లీ తెరిచాను. మొబైల్ యాప్ సర్వీసు కింద నా ప్రశంస ఉంది. నేను జన్మలో యాప్ చేయించుకోలేదు! "సైటు" అన్నచోట "యాప్" అని మార్చాడు, మిగతాదంతా నా మాటే. నేను నమ్మిన ఆ ఆరుగురు ఎవరా అని అప్పుడు అనుమానం వచ్చింది. వాళ్లలో ఇద్దరి సైట్లు దొరికితే మెయిల్ చేశాను. ఒకరు జవాబివ్వలేదు. ఇంకొకరు తాను చేయించుకుంది లోగో మాత్రమేనని రాశారు.

వెబ్‌సైట్ల పాత కాపీలు దాచిపెట్టే వేబ్యాక్ మెషీన్‌లో అతని సైటు పాత కాపీలు కూడా చూశాను. నేను ఆర్డర్ ఇవ్వడానికి ఆరు వారాల ముందు ఆ పేజీలో ఉన్నవి రెండే సర్వీసులు. మిగతా తొమ్మిదీ ఒక్కసారే వచ్చి చేరాయి. రెండు నిమిషాల పని, ముందే చూసి ఉంటే "ఈ సర్వీసు ఇంతవరకు ఎవరికి చేశారు, వాళ్లతో ఒకసారి మాట్లాడొచ్చా" అని అడిగేదాన్ని.

లింకులు తీయించి, తీయనివాటిని డిసావో ఫైల్‌లో (ఈ లింకులను లెక్కలోకి తీసుకోవద్దని గూగుల్‌కు ఇచ్చే జాబితాలో) పెట్టి, మళ్లీ పరిశీలించమని గూగుల్‌కు రీకన్సిడరేషన్ పంపితే మాన్యువల్ యాక్షన్ ఎత్తేశారు. పాత ట్రాఫిక్ మాత్రం ఇంకా పూర్తిగా రాలేదు. కట్టిన డబ్బులో ఒక్క నెలది వెనక్కిచ్చాడు.

ప్రశంస తీసేయమని రెండుసార్లు మెయిల్ పెట్టాను, నిన్న చూసినా అలాగే ఉంది. కుట్టు క్లాసుల టీచర్ ఒకావిడ యాప్ అద్భుతంగా వచ్చిందని మురిసిపోతూ రాసింది ఎక్కడైనా కనబడితే, ఆవిడ నేనే. నాకు యాప్ లేదు.