నొప్పి గోలీ పడనివాళ్లకు ఏది మేలు?

"బ్రూఫెన్ నాకు పడదండీ" అంటే "అయితే ఇది వేసుకోండి" అని మందుల షాపులో జెరోడాల్-పి చేతిలో పెట్టడం మామూలే. దీనికి నేను గట్టిగా వద్దంటాను. స్ట్రిప్ వెనక్కి తిప్పితే ఎసిక్లోఫెనాక్ అని ఉంటుంది. అదీ బ్రూఫెన్‌లో ఉండే ఇబుప్రోఫెన్ కుటుంబమే. ఆస్పిరిన్, డైక్లోఫెనాక్, నాప్రోక్సెన్ కూడా అంతే. ఇవన్నీ ఒంట్లో కాక్స్-1 అనే ఎంజైమును అడ్డుకుంటాయి. దాంతో కొందరిలో ల్యూకోట్రైన్లు (ఊపిరి గొట్టాలను బిగించే, వాపు తెచ్చే రసాయనాలు) పెరిగిపోయి ముక్కు కారుతుంది, ఆయాసం, పిల్లికూతలు మొదలవుతాయి, లేదా దద్దుర్లు లేచి కళ్లు, పెదాలు వాస్తాయి. చాలామందిలో అరగంట నుంచి మూడు గంటల్లోపే తెలిసిపోతుంది. ఉబ్బసంతో పాటు ముక్కులో పాలిప్స్ (మెత్తటి కండ బుడిపెలు) ఉన్నవాళ్లకు ఈ ముప్పు మరీ ఎక్కువ.

అలాంటివాళ్లకు ముందుగా పారాసిటమాలే మేలు. కాక్స్-1 మీద దాని ప్రభావం చాలా తక్కువ. అయినా డోసు చూసుకోవాలి. 500 మి.గ్రా. చాలామందికి పడుతుంది, ఒకేసారి 1000 మి.గ్రా. వేస్తే కొందరు ఉబ్బసం రోగులకు ఆయాసం రావచ్చు. కాంబిఫ్లామ్‌లోనూ పారాసిటమాల్ ఉందిగా అనుకోకండి, దాంతో పాటు 400 మి.గ్రా. ఇబుప్రోఫెన్ ఉంటుంది.

అయితే పారాసిటమాల్ వాపును తగ్గించదు. కీళ్లవాతంతో మోకాలు వాచి అడుగు తీసి అడుగు వేయలేనివాళ్లకు దాంతో సరిపోదు. అప్పుడు సెలెకాక్సిబ్, ఎటోరికాక్సిబ్ అనే మందులు నయం. ఇవి ప్రధానంగా కాక్స్-2 అనే మరో ఎంజైము మీద పనిచేస్తాయి కాబట్టి బ్రూఫెన్ పడనివాళ్లలో ఎక్కువమందికి పడతాయి. కానీ మొదటి డోసు డాక్టరు ఎదుటే వేసుకోవాలి. గుండెజబ్బు, అదుపులో లేని బీపీ ఉంటే ఎటోరికాక్సిబ్ జోలికే వెళ్లొద్దు.

కొందరికి డైక్లోఫెనాక్ ఒక్కటే పడదు, మిగతావి పడతాయి. అది తేల్చాల్సింది అలర్జీ డాక్టరు. ఇంట్లో ప్రయోగాలు వద్దు.

నెలసరి నొప్పికి వాడే మెఫ్తాల్‌లోని మెఫెనమిక్ యాసిడ్ సంగతీ చెప్పాలి. జ్వరం, ఒళ్లంతా దద్దుర్లతో కొన్ని వారాల తర్వాత బయటపడే డ్రెస్ అనే తీవ్రమైన రియాక్షన్ గురించి ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ 2023లో హెచ్చరించింది.

మందు వేసుకున్నాక గొంతు బిగిసినా, ఊపిరాడకపోయినా సిట్రిజిన్ వేసి చూద్దామని ఆగకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. అప్పుడు కావాల్సింది తొడ కండలోకి ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్. పన్ను పీకించుకోవడానికి వెళ్లినా మీకు పడని మందు పేరు ముందే చెప్పండి. అక్కడ తరచూ రాసే కెటొరోలాక్ కూడా ఈ కుటుంబంలోదే.