జాగ్రత్త: ‘ఆయిల్ ట్యాంకు తీసేశాం’ అంటే మట్టి బాగుందని కాదు

న్యూజెర్సీలో పాత ఇల్లు చూస్తున్నవాళ్లు ఇది చదివాకే సంతకం పెట్టండి. మా సంతకాలు అయిపోయాయి, అందుకే రాస్తున్నాను.

మేము మిడిల్‌సెక్స్ కౌంటీలో కొన్నది 1950ల నాటి ఇల్లు. ఇప్పుడు గ్యాసు ఉంది గానీ, ఆ రోజుల్లో ఇక్కడ చాలా ఇళ్లకు చలికాలంలో హీటింగ్ ఆయిలే దిక్కు. దాన్ని నిల్వ చేసే ఇనుప ట్యాంకును పెరట్లో పాతిపెట్టేవారు. 550 గ్యాలన్లవి మామూలు, 1,000 గ్యాలన్లవీ ఉంటాయి. గ్యాసు వచ్చాక చాలామంది వాటిని మట్టిలోనే మరిచిపోయారు. కొనేముందు ఇంటిని పరీక్షించడానికి మేము పెట్టుకున్న ఇన్‌స్పెక్టర్ బేస్‌మెంట్ గోడ అడుగున వేలి లావు రాగి గొట్టాలు రెండు చూపించాడు, ట్యాంకు నుంచి నూనె వచ్చేవి అలాంటివే. వాటి మూతులు పట్టుకారుతో నొక్కేసి ఉన్నాయి. అవి చూశాకే అనుమానం వచ్చి మెటల్ డిటెక్టర్‌తో వెతికించాం. హైడ్రాంజియా పొదల కింద ట్యాంకు దొరికింది.

అమ్మేవాళ్లు మారుమాట లేకుండా తీయించారు. బయటికి వచ్చిన ట్యాంకుకు తుప్పు చిల్లులు ఉన్నాయి. కారిందని తెలిస్తే రాష్ట్ర పర్యావరణ శాఖ హాట్‌లైన్‌కు చెప్పి తీరాలి కాబట్టి, తీసినవాళ్లు ఫోను చేసి కేసు నంబరు తీసుకున్నారు. ఊరి ఆఫీసు ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసుకుని, ట్యాంకు తీయడానికి ఇచ్చిన పర్మిట్ మూసేశాడు. మా ఏజెంటు మన తెలుగాయనే. “పర్మిట్ క్లోజ్ అయింది, స్టేట్ నంబరు కూడా ఇచ్చింది, ఇంకేం కావాలండీ?” అన్నారు.

నేనూ తలూపాను. కేసు నంబరంటే పని మొదలైందని అర్థం. ఎఫ్‌ఐఆర్ నంబరు ఇచ్చారు కాబట్టి దొంగ దొరికాడని ఎవరైనా అనుకుంటారా? నేను అనుకున్నాను. ఊరి పర్మిట్ చెప్పేది ట్యాంకు బయటికి వచ్చిందని మాత్రమే. మట్టి సంగతి తేల్చేది, ఇక చేయాల్సిందేమీ లేదని రాష్ట్రం ఇచ్చే ‘నో ఫర్దర్ యాక్షన్’ లెటర్. అది రావాలంటే ముందు సర్టిఫికెట్ ఉన్న నిపుణుడు గుంట గోడల నుంచీ అడుగు నుంచీ మట్టి తీసి ల్యాబుకు పంపాలి. చెడిన మట్టిని తవ్వి లారీల్లో తరలించాక మళ్లీ పరీక్ష చేసి నివేదిక ఇవ్వాలి. పర్యావరణ శాఖ దాన్ని చదివి ఒప్పుకుంటే అప్పుడు లెటర్.

మాకేమో ఇంటి అప్పుకు బ్యాంకు ఖాయం చేసిన వడ్డీ రేటు గడువు తీరిపోతోంది. పైగా జ్యేష్ఠంలో గృహప్రవేశం కాకపోతే ఆషాఢం, ఇక శ్రావణం దాకా ఆగాలి. అమ్మేవాళ్లు ఎస్క్రోలో, అంటే పని పూర్తయ్యేదాకా మూడో మనిషి దగ్గర ఉంచే ఖాతాలో, 5,000 డాలర్లు పెట్టి, లెటర్ తర్వాత వస్తుందిలే అని ముగించారు.

మొదటి పెద్ద వానకు పూడ్చిన గుంట జానెడు కుంగింది. బేస్‌మెంట్‌లో కిరసనాయిలు వాసన. రేషన్ షాపు ముందు డబ్బా పట్టుకుని నిలబడ్డ రోజులు గుర్తొచ్చాయి. మళ్లీ తవ్వించాం. ఇక్కడిది ఎర్రమట్టి. ఆ ఎరుపులో నూనె పట్టిన బూడిద రంగు చార ఒకటి ఇంటి పునాది వైపు పోతూ కనిపించింది. నిపుణుడు చిన్న గాజు సీసాల్లోకి మట్టి తీసి ఐసు పెట్టెలో సర్దుతుంటే నేను పక్కన నిలబడి సీసాలు లెక్కపెట్టాను. ఎనిమిది. ఎస్క్రో డబ్బు ఆ ల్యాబు ఫీజులకూ యంత్రం అద్దెకూ సరిపోయింది. పునాదికి ఊతం పెట్టడం, టన్నుల లెక్కన మట్టి తరలించడం మా జేబులోంచే. బీమా కంపెనీ వాళ్లు పాలసీలో కాలుష్యం మినహాయింపు ఉన్న పేజీ చూపించారు. అమ్మినవాళ్ల లాయరు కాంట్రాక్టు చూపించారు: అందులో ‘ట్యాంకు తొలగించాలి’ అని ఉంది, లెటర్ తేవాలని లేదు.

ఇంట్లో వాడుకునే హీటింగ్ ఆయిల్ ట్యాంకులకు కేంద్ర ప్రభుత్వపు భూగర్భ ట్యాంకుల నిబంధనలు వర్తించవు. ఇక్కడ నడిచేది రాష్ట్ర చట్టం. 1976 నాటి స్పిల్ చట్టం ప్రకారం, నూనె కారిందని తెలిసి కొన్నవాడు ‘నేను కార్చలేదు’ అని తప్పించుకోలేడు.

ఏజెంట్లు తయారుచేసిన కాంట్రాక్టుకు లాయరు సమీక్ష గడువు మూడు పనిదినాలే ఉంటుంది, కాబట్టి ఆ లోపే ‘లెటర్ చేతికి వచ్చాకే క్లోజింగ్ (ఇల్లు చేతులు మారడం)’ అన్న వాక్యం రాయించుకోండి. ఎప్పుడో తీసేశామన్నా, లోపలే ఇసుకతో నింపామన్నా మట్టి పరీక్ష నివేదిక అడగండి. ఊరి ఆఫీసులోనూ పర్యావరణ శాఖలోనూ పాత రికార్డుల కోసం దరఖాస్తు పెట్టుకోవచ్చు. లెటర్ చూపిస్తే అది ఏ ట్యాంకుకు ఇచ్చారో చదవండి. ఒకే ఇంట్లో రెండు ట్యాంకులు ఉండవచ్చు, ఒకదానికి ఇచ్చిన లెటర్ రెండోదానికి పనికిరాదు.

మా నివేదిక ఇప్పుడు పరిశీలనలో ఉంది. ఈలోగా ఇంటి ముందు వైపు కూడా వెతికించాను. డిటెక్టర్ మనిషి అరగంట తిరిగి, ఏమీ లేదన్నాడు. ఆ మాటే కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వమన్నాను.